చేలో ఆడవాళ్ళకు ఆకు వైద్యం – ఏది ఎంతవరకు

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా నిడదవోలు సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ఏజెన్సీ నుంచి తెల్లవారుజామునే బయలుదేరి వచ్చిన కోయ, కొండరెడ్డి అక్కలకు, ఈ చుట్టుపక్కల పేటల నుంచి కూలి మానుకుని వచ్చిన ఎరుకుల, యానాది ఆడపడుచులకు ప్రత్యేకంగా నమస్కారాలు. ఊడుపుల రోజుల్లో ఒక రోజు కూలి వదులుకోవడం అంటే ఏమిటో మాకూ తెలుసు.

నిడదవోలులో సభ అంటే ముందుగా రుద్రమదేవి పేరు చెప్పడం ఆనవాయితీ. ఇక్కడి చాళుక్య వీరభద్రుణ్ణి పెళ్ళాడి ఈ ఊరి కోడలైన మహారాణి ఆమె. మేమూ చెప్పేశాం. ఇక చేలో దిగే ఆడవాళ్ళ సంగతికి వస్తాం.

మేము డాక్టర్లం కాదు. మాలో ఇద్దరు ఆశా కార్యకర్తలు, ఒకామె కొన్నాళ్ళు నర్సుగా చేసింది, మిగిలినవాళ్ళం బుట్టలల్లిన అమ్మమ్మల మనవరాళ్ళం. మొన్న వేసవిలో పేటల్లో ముసలమ్మల దగ్గర కూర్చుని, ఏ దెబ్బకు ఏ ఆకు వాడేవారో అడిగి నోటు పుస్తకంలో రాసుకున్నాం. ఒకే మొక్కకు కోయలో ఒక పేరు, మా కుర్రు భాషలో ఇంకో పేరు, తెలుగులో మూడు పేర్లు. ఆ తంటా సరే. రాస్తూ రాస్తూ ఉంటే ఇంకో సంగతి బయటపడింది. ప్రతి ముసలమ్మా ఆకు పేరు చెప్పాక "ఇది ఇంతవరకేనమ్మా" అని ఇంకో మాట కూడా చెప్పింది. పొడి దెబ్బకైతే పని చేస్తుంది, చీము పడితే చేయదు. నల్ల తేలుకైతే సరే, పాముకు కాదు. మన తరం ఆకు పేరు గుర్తుపెట్టుకుంది, ఆ రెండో మాట మరిచిపోయింది. ఈవేళ మేము చెప్పేదంతా ఆ రెండో మాట గురించే.

ముందు కాళ్ళ దగ్గర మొదలుపెడదాం. విజ్జేశ్వరం దగ్గర కాలువకు నీళ్ళు వదిలారంటే మనకు సార్వా పని మొదలు. నారు తీత, ఊడుపులు, కలుపు. పొద్దున్న ఆరింటికి బురదలో పెట్టిన కాలు మధ్యాహ్నం అన్నాలకు గానీ బయటికి రాదు. వారం తిరిగేసరికి వేళ్ళ సందులు పాసిపోయి తెల్లగా ఉబ్బుతాయి, మంట, దురద, రాత్రి నిద్ర పట్టదు. మన వాళ్ళు ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం ముచ్చటకే అనుకుంటాం. ఊడుపులకు ముందు నెల అది, గమనించండి. మా పేటల్లో ముసలివాళ్ళు అరచేతి కంటే ముందు కాలి వేళ్ళ సందులకు, గోళ్ళ చుట్టూ దట్టంగా పెట్టేవారు. గోరింటాకు రంగుకు కారణమైన లాసోన్ అనే పదార్థానికి బూజు జాతి క్రిములను అణిచే గుణం ఉందని ప్రయోగశాలల్లో కూడా తేలింది. కాబట్టి పెట్టుకోండి. కానీ చెట్టు ఆకు రుబ్బి పెట్టుకోండి. పది నిమిషాల్లో నల్లగా పండుతుందని కొట్లో అమ్మే కోను పెట్టుకుని చేతులు బొబ్బలెక్కినవాళ్ళు మన పేటలోనే ఉన్నారు. అందులో ఉండేది జుట్టుకు వేసే రంగు మందు. పసిపిల్లల ఒంటికి మాత్రం గోరింటాకు పూయకండి.

పని అయ్యాక మంచినీళ్ళతో కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడి గుడ్డతో తుడిచి, కానుగ నూనె గానీ పసుపు కలిపిన కొబ్బరి నూనె గానీ రాయండి. వీటన్నిటికంటే తుడవడమే పెద్ద మందు. తడి కాలికి ఎన్ని నూనెలు రాసినా దండగ. ఇక ఇంతవరకే అన్నది ఎక్కడంటే, పుండు లోతుకు దిగినా, కాలు వాచి ఎర్రగా వేడిగా ఉన్నా, షుగరు ఉన్న మనిషికి కాలి మీద ఏ చిన్న పుండు వచ్చినా ఆకు ఆపేయాలి. షుగరు ఉన్నవాళ్ళకు నొప్పి తెలియదు, నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. పాసిన కాలితో, పగిలిన మడమతో ఎలుకలు తిరిగే నీళ్ళలో దిగితే ఎలుక జ్వరం రావచ్చు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలోంచి క్రిమి ఒంట్లోకి వెళుతుంది. గట్టిగా జ్వరం, పిక్కల్లో ఓర్చుకోలేనంత నొప్పి, కళ్ళు ఎర్రబడటం దాని గుర్తులు. అశ్రద్ధ చేస్తే కామెర్లు, కిడ్నీల దాకా పోతుంది. ఎలుకలు పట్టే యానాది కుటుంబాల వాళ్ళు ఈ మాట బాగా వినాలి. దీనికి ఏ ఆకూ లేదు. ఆసుపత్రికి వెళ్ళి "జ్వరం" అని ఊరుకోకుండా "చేలో నీళ్ళలో పని చేస్తాం, ఎలుకలు పడతాం" అని మీరే చెప్పండి. డాక్టరు అడగకపోవచ్చు. చెబితే ఆలోచన అటు పోతుంది.

కొడవలి తెగుళ్ళకు గడ్డిచేమంతి. గాయపాకు అని కూడా అంటారు. తెలియని వాళ్ళు ఈ సభలో ఉండరు. పసుపు మొగ్గలో తెల్ల రేకులతో పుంతల్లో, గట్ల మీద నేలబారుగా ఉంటుంది. ఆకు నలిపి రసం పిండితే రక్తం ఆగుతుంది. తమాషా ఏమిటంటే ఈ మొక్క మన దేశానిది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చిన కలుపు. అంటే మన ముసలమ్మలు కొత్తగా వచ్చిన మొక్కను చూసి, వాడి, గుణం కనిపెట్టి, మన వైద్యంలో కలుపుకున్నారు. పాతదే మనది, కొత్తది మనది కాదు అని వాళ్ళు అనుకోలేదు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

అయితే వాళ్ళ రోజుల్లో గట్టు వేరు, ఇప్పటి గట్టు వేరు. ఇప్పుడు గట్ల మీద గడ్డి మందు కొడుతున్నారు. మందు కొట్టిన మర్నాడు ఆకు పచ్చగానే ఉంటుంది, వాడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ పచ్చటి ఆకు నలిపి తెగిన చోట పెడితే మందు పెట్టినట్టా, విషం పెట్టినట్టా? ఇది ఏ ముసలమ్మా చెప్పలేదు, ఎందుకంటే వాళ్ళకు ఈ బెడద లేదు. మేము చెప్పేది ఇది. చేలో గట్టు ఆకు కోయవద్దు. ఇంటి దగ్గర పెరట్లో రెండు మొక్కలు వేసుకోండి, అడక్కుండానే పెరుగుతుంది. చేలోకి ఉతికి ఎండబెట్టిన నూలు గుడ్డ ఒకటి, సీసాలో మంచినీళ్ళు పట్టుకెళ్ళండి. తెగితే ముందు ఆ నీళ్ళతో కడిగి, గుడ్డ పెట్టి పది నిమిషాలు తీయకుండా నొక్కి పట్టుకోండి. ఎక్కువ తెగుళ్ళు అంతటితోనే ఆగుతాయి. బోదె నీళ్ళతో కడగడం, ముక్కుపొడుం, కాఫీపొడి, సున్నం, బూజు, పేడ ఏదీ వద్దు. బురదలో తెగిన ప్రతి దెబ్బకూ ధనుర్వాతం సూది సంగతి చూసుకోవాలి. ఆఖరుసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేదంటే వేయించుకోవాలనే అర్థం.

ఇప్పుడు చెప్పేది ఆడవాళ్ళ సంగతి. మగవాళ్ళు అటు తిరిగి కూర్చున్నా సరే, విన్నా సరే. వింటేనే మంచిది, ముఠా మేస్త్రీలు మీరే గనుక. డెల్టాలో చేను అంటే కంటి చూపు ఆగేదాకా బయలు. చాటు లేదు. ఏజెన్సీ అక్కలకు అడవిలో కనీసం ఒక చెట్టు అడ్డం ఉంటుంది. మనం ఏం చేస్తున్నాం? ఒంటికి పోవలసి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తున్నాం. పొద్దున్న ఇంటి దగ్గర ఒక గ్లాసు, మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. ఆ తర్వాత మంట, చుక్కలు చుక్కలుగా రావడం, పొత్తికడుపులో నొప్పి. దానికి పల్లేరు కాయల కషాయం, కొండపిండి ఆకు కషాయం తాగుతున్నాం. మేము అడిగిన ముసలమ్మలు ఈ రెండూ చెప్పారు. కానీ కషాయం పేరుతో రెండు చెంబుల నీళ్ళు లోపలికి పోవడమే సగం ఉపకారం అని మా నర్సమ్మ నవ్వుతూ అంటుంది. ఆ నీళ్ళేవో ముందే తాగితే పోయేది. చలితో జ్వరం వచ్చినా, నడుం పక్కన నొప్పి పెట్టినా, మూత్రంలో రక్తం కనబడినా అది కిడ్నీ దాకా పోతోందని లెక్క, కషాయం పక్కన పెట్టేయాలి. కడుపుతో ఉన్నామె అయితే మంట మొదలైన రోజే వెళ్ళాలి.

దీనికి అసలు మందు ఆకుల్లో లేదు. నాలుగు వెదురు కర్రలు, ఒక పాత టార్పాలిన్. బుట్టలు అల్లిన చేతులకు ఒక తడిక అల్లడం ఎంత పని? ముఠాతోపాటు తీసుకెళ్ళి గట్టు మీద నిలబెట్టండి. మా దగ్గర రెండు ముఠాల వాళ్ళు ఈ సార్వాకే మొదలుపెట్టారు. మొదటి రోజు రైతు నవ్వాడట, మూడో రోజు వాళ్ళింటి ఆడవాళ్ళు కూడా వాడుకున్నారట. నెలసరి రోజుల్లో తడిసిన గుడ్డ మార్చుకోవడానికీ అదే చాటు. తొడలు ఒరుసుకుపోతే వేపాకు కాచిన నీళ్ళు చల్లారాక పైన కడుక్కోండి, కొబ్బరి నూనె రాయండి. లోపల మాత్రం ఏ ఆకూ, ఏ రసమూ పెట్టకూడదు.

ఎండదెబ్బ గురించి ఎక్కువ చెప్పం, దాళ్వా కోతల్లో అందరం చూసిందే. గంజిలో ఉప్పు, పలచటి మజ్జిగ, అంబలి మంచివే. లీటరు మంచినీళ్ళకు అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార తల కొట్టి వేస్తే ఇంటి ద్రావణం. మనిషి పలవరించినా, ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా నోట్లో ఏమీ పోయకుండా నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

ఏజెన్సీ అక్కలు దూలగొండి గురించి అడిగారు. అది అంటుకుంటే గోకకండి, చీరతో రుద్దకండి, నూగు ఇంకా లోపలికి దిగుతుంది. తడి పిండి ముద్ద అద్ది అద్ది తీసి, ఆ తర్వాత కడగాలి. పేడ పూయడం మానేద్దాం.

తేలు దగ్గరికి వద్దాం. చింతగింజ అరగదీసి అతికించేవాళ్ళు కొందరు, ఉత్తరేణి ఆకు రుద్దేవాళ్ళు కొందరు, ఉల్లిపాయ కొందరు. అందరికీ తగ్గింది. ఎందుకు తగ్గింది? పెద్దగా, నల్లగా, చూస్తేనే భయం వేసే మండ్రగబ్బ కుడితే చాలామందికి నొప్పే గానీ ప్రాణం మీదికి రాదు. కొన్ని గంటలకు దానంతట అదే దిగుతుంది. ఈలోపు ఏం రాసినా పేరు దానికే వస్తుంది. చిన్నగా ఉండే ఎర్ర తేలు అలా కాదు. అది పసిపిల్లల ప్రాణం తీస్తుంది. కుట్టాక ఒళ్ళు చల్లబడి చెమటలు పట్టినా, వాంతులైనా, ఊపిరి ఎగపోసినా ఒక్క నిమిషం ఆగకూడదు. దీనికి బీపీకి వాడే ప్రజోసిన్ అనే చిన్న మాత్ర ప్రాణం నిలబెడుతుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో పల్లె జనానికి వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ నిరూపించారు. ఆ మాత్ర డాక్టరు చూసి ఇవ్వాలి, మనం కొని మింగేది కాదు.

పాము కూడా ఇంతే. అందుకే మంత్రానికి, వేరుకు అంత పేరు. కరిచే పాముల్లో ఎక్కువ విషం లేనివి. విషం ఉన్నది కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. ఆ మనుషులందరూ బతుకుతారు, వేరు ఇచ్చినవాడికి పేరొస్తుంది. నిజంగా విషం ఎక్కిన మనిషి దగ్గరికి వచ్చేసరికి అదే వేరు చేతులెత్తేస్తుంది, అప్పుడు "ఆయుష్షు తీరింది" అంటారు.

మన బంధువే ఒకామె, ఈ సభలోనే కూర్చుని ఉంది. చెప్పమంటేనే చెబుతున్నాం, పేరు మాత్రం చెప్పం. దాళ్వా కోతలయ్యాక కలుగు తవ్వి వడ్లు తీస్తుంటే రక్తపింజర కరిచింది. చీర పీలిక చించి మోకాలి పైన బిగించి కట్టారు. వేరు నూరి పోశారు. మంత్రం వేసే ఆయన కోసం ఇంకో ఊరు మోసుకెళ్ళారు. మూడు గంటలు పోయాక ఆసుపత్రి. అప్పటికి కట్టు కింద కాలు నల్లబడింది. నెల రోజులు మంచం, రెండు కాలి వేళ్ళు తీసేశారు. "పాము కంటే పీలికే ఎక్కువ చేసింది" అని ఆమె ఇప్పుడు అందరికీ చెబుతోంది. ఎవరి తప్పూ పట్టడం లేదు. ఆ రోజు అక్కడ మేమున్నా ఆ పీలిక కట్టేవాళ్ళమే.

కాబట్టి జాగ్రత్తగా వినండి. కట్టు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, నూరి పోయవద్దు. పామును వెతికి చంపే పని పెట్టుకోవద్దు, రెండో మనిషికి కరుస్తుంది. కరిచిన కాలికి ఒక కర్ర ఆనించి, విరిగిన కాలికి కట్టినట్టు వదులుగా కట్టి కదలకుండా ఉంచండి. నడిపించవద్దు. కరిచిన టైము గుర్తుపెట్టుకోండి. 108 ఆలస్యమైతే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళండి. ఇంకొకటి, ఇది ఆడవాళ్ళకే: గాజులు, పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయండి. కాలు వాచాక మెట్టె వేలిని కోసేస్తుంది. మెట్టె తీస్తే అశుభం అని అత్తగారు అడ్డం పడితే, వేలు పోవడం అశుభం కాదా అని అడగండి. మా పేటలో ఒక పెద్దామె దీనికి మంచి ఉపాయం చెప్పింది. తీసిన మెట్టెలు భర్త జేబులో వేయాలట. పోలేదు కదా, ఆయన దగ్గరే ఉన్నాయి కదా!

ఆసుపత్రిలో జరిగే ఒక పని గురించి ముందే తెలుసుకోండి. రక్తం తీసి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. రక్తం గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కిందని గుర్తు. మన వాళ్ళు అది చూసి "ఏమీ చేయకుండా కూర్చోబెట్టారు" అని గొడవపడి, మనిషిని లేపి ఇంటికి తెచ్చేసుకున్న సందర్భాలున్నాయి. వాళ్ళు ఊరికే కూర్చోలేదు, అది పరీక్ష. అలాగే కట్లపాము కరిస్తే నొప్పి ఉండదు, వాపు ఉండదు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపు నొప్పి అని లేచి, కనురెప్పలు వాలిపోతుంటే అది పాము పనే కావచ్చు. కళ్ళాల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర పడుకునేవాళ్ళు మంచం, దోమతెర వాడండి. ఎర్రకాలువ పొంగిన రోజుల్లో పాములు గట్లకు, ఇళ్ళకు ఎక్కుతాయి. అప్పుడు చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయవద్దు.

మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58 వేల మంది పాము కాటుతో పోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఎక్కువ మరణాలు జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

"అది వాళ్ళ మందు, ఇది మన మందు" అని కొందరు పెద్దలు మాతో అన్నారు. ఆ మాటలో ఉన్న బాధ మాకు అర్థమవుతుంది. ఆసుపత్రి వరండాలో మనల్ని చూసే చూపు ఎలా ఉంటుందో మాకూ తెలుసు. అయినా ఆ సీసాలో మందు ఎలా తయారవుతుందో వినండి. తమిళనాడులో మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో ఇరుళర్లు అనే గిరిజనుల సహకార సంఘం ఉంది. 1978లో పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర – ఈ నాలుగింటినీ పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును తీసి సీసాల్లో నింపుతారు. దేశంలో ఈ మందు తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం ఆ గిరిజనుల చేతుల మీదుగానే వస్తోంది. ఆ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడైయన్ గార్లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పాముల జాడ పట్టే విద్యలో మన యానాదులకూ వాళ్ళకూ పెద్ద తేడా లేదు. అలాంటప్పుడు అది ఎవరి మందు? గడ్డిచేమంతిని మన ముసలమ్మలు కలుపుకున్నట్టే దీన్నీ కలుపుకుందాం.

మీ ఊరికి దగ్గరలో ఏ ఆసుపత్రిలో పాము మందు ఉందో, రాత్రిపూట డాక్టరు ఉంటారో లేదో ఈ వారంలోనే కనుక్కుని ముఠా మేస్త్రి ఫోనులో నంబరు పెట్టించండి. లేదంటే మాకు చెప్పండి, సంఘం తరఫున అర్జీ పెడదాం. కరిచాక వెతుక్కునేది కాదు అది.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాం. కడుపు నిలవకూడదని చిత్రమూలం వేరు, గురివింద గింజ, నేపాళం గింజ వాడటం ఇంకా అక్కడక్కడా జరుగుతోంది. ఇవి మందులు కావు, విషాలు. బిడ్డ వద్దనుకుంటే ఆశా అక్కకు చాటుగా చెప్పండి. చట్టప్రకారం ఆసుపత్రిలోనే దారి ఉంది, బయటికి పొక్కదు. ఈ మూడు మొక్కలూ పెరట్లో ఉంటే పిల్లలకు అందనీయకండి. జిల్లేడు పాలు ముల్లు తీయడానికి వాడేవాళ్ళు ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకండి.

బయట వేపచెట్టు కింద బల్ల మీద మేము తెచ్చిన మొక్కలున్నాయి. పచ్చ దారం కట్టినవి వాడుకునేవి, ఎర్ర దారం కట్టినవి ముట్టుకోకూడనివి. చదువు రాకపోయినా దారం రంగు తెలుస్తుంది కదా. ఒక్కొక్కదాని దగ్గర ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, అడిగితే ఎంతవరకో కూడా చెబుతుంది. మీ దగ్గర మాకు తెలియని ఆకు ఉంటే పేరు రాయించి వెళ్ళండి. భోజనాలు తడిక అవతల. ముందు పిల్లలున్న తల్లులు లేవండి.

జై ఆదివాసీ.